సెట్టర్లు ఉండగా కన్‌స్ట్రక్టర్ ఎందుకు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు అడిగినవి మూడు సంగతులు. "క్లాస్ పేరే దానికీ ఉంటుంది, రిటర్న్ టైప్ ఉండదు" అని కన్‌స్ట్రక్టర్ నిర్వచనం బట్టీ పట్టి వెళ్తే ఇంటర్వ్యూ చేసినాయన "సెట్టర్లు ఉన్నాయి కదా, మరి కన్‌స్ట్రక్టర్ ఎందుకు" అన్నాడు, నీకు జవాబు తట్టలేదు (సెట్టర్ అంటే ఆబ్జెక్ట్‌లోని ఒక ఫీల్డుకి, అంటే అది దాచుకునే ఒక వివరానికి, విలువ ఇచ్చే మెథడ్). నీ జావా ప్రాజెక్టులో పారామీటర్లతో కన్‌స్ట్రక్టర్ ఒకటి రాయగానే అప్పటిదాకా బాగా నడిచిన లైన్లు ఎర్రర్ ఇస్తున్నాయి, అది రెండోది. పైథాన్‌లో ఉండే ఇనిట్ కన్‌స్ట్రక్టరేనా అన్నది మూడోది. మూడూ ఒకే చోట చిక్కుపడి ఉన్నాయి, అందుకే విడివిడిగా కాకుండా కలిపి చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నీ నిర్వచనం పక్కన పెట్టు. అందులో తప్పు లేదు, కానీ అది కన్‌స్ట్రక్టర్‌ని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాలు మాత్రమే, దాని పని ఏమిటో అందులో లేదు. చాలామంది దాని పని "ఆబ్జెక్ట్‌ని క్రియేట్ చేయడం" అంటారు, కోచింగ్ నోట్సుల్లో కూడా అలాగే ఉంటుంది. అది నిజం కాదు. ఆబ్జెక్ట్‌ని పుట్టించేది న్యూ అనే కీవర్డ్. ఆ పుట్టిన ఆబ్జెక్ట్ పూర్తిగా, వాడటానికి తగిన స్థితిలో ఉందని పూచీ పడేది కన్‌స్ట్రక్టర్.

జావాలో లాట్ అనే క్లాస్‌కి న్యూ లాట్() అని రాశావనుకో, మొదట హీప్‌లో (మెమరీలో ఆబ్జెక్టులు ఉండే భాగంలో) ఆ ఆబ్జెక్ట్‌కి సరిపడా చోటు కేటాయిస్తారు. ఆ చోటు సున్నాలతో నిండి ఉంటుంది, అంటే ఇంట్ ఫీల్డులో 0, డబుల్‌లో 0.0, బూలియన్‌లో ఫాల్స్, స్ట్రింగ్ లాంటి రిఫరెన్స్ ఫీల్డులో నల్ (ఏ ఆబ్జెక్ట్‌నీ చూపించదు అని). ఇంతవరకు నువ్వు రాసిన కన్‌స్ట్రక్టర్‌లో ఒక్క లైనూ నడవలేదు, కానీ ఆబ్జెక్ట్ ఉంది. ఆ తర్వాతే కన్‌స్ట్రక్టర్ మొదలవుతుంది. నమ్మకం కుదరకపోతే జావాతో పాటే వచ్చే డిస్అసెంబ్లర్ టూల్‌తో నీ క్లాస్ ఫైల్ బైట్‌కోడ్ (కంపైలర్ తయారు చేసిన కోడ్) తెరిచి చూడు. అక్కడ న్యూ ఒక ఇన్‌స్ట్రక్షన్‌గా, కన్‌స్ట్రక్టర్‌ని పిలవడం వేరే ఇన్‌స్ట్రక్షన్‌గా విడివిడిగా కనిపిస్తాయి. ఇంకో సంగతి, బైట్‌కోడ్‌లో కన్‌స్ట్రక్టర్‌కి నీ క్లాస్ పేరు ఉండదు, <ఇనిట్> అనే పేరుంటుంది. పైథాన్ వాళ్లు వాడే పేరు కూడా అదే, అక్కడికి తర్వాత వస్తాను.

ఈ గందరగోళానికి పేరు కూడా కొంత కారణం. బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో "సి విత్ క్లాసెస్" మొదలుపెట్టినప్పుడు ఈ ఫంక్షన్‌కి పేరు న్యూ అనే ఉండేది, దానికి జోడీగా సర్దేసే ఫంక్షన్ పేరు డిలీట్. ఆ భాషే సి ప్లస్ ప్లస్ అయ్యాక క్లాస్ పేరునే కన్‌స్ట్రక్టర్‌కి పెట్టే పద్ధతి వచ్చింది, జావా అక్కడినుంచే తీసుకుంది. పేరు మారినా ఉద్దేశం మొదటినుంచీ ఒకటే: క్లాస్‌లోని మిగతా మెథడ్లు నమ్మకంగా పనిచేసుకోవడానికి కావలసిన పరిస్థితిని ముందే ఏర్పాటు చేసి పెట్టడం.

ఇప్పుడు సెట్టర్ల సంగతి. దీనికి నా అనుభవమే చెప్తాను.

కొన్నేళ్ల కిందట వరంగల్ వైపు ఒక అడ్తి దుకాణానికి చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. రైతు మిర్చి తెస్తాడు, బస్తాలు కాంటా వేస్తారు, ఖరీదుదారు ధర పెడతాడు, లెక్క కట్టి రైతు చేతికి తక్‌పట్టీ ఇస్తారు. అందులో లాట్ అని ఒక క్లాస్, దానికి నాలుగు ఫీల్డులు: రైతు పేరు, బస్తాలు, తూకం కిలోల్లో, క్వింటాలు ధర. అప్పట్లో నేను రాసింది ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఒకటి, నాలుగు సెట్టర్లు. మొదటి స్క్రీన్‌లో నాలుగు సెట్టర్లూ పిలిచాను కాబట్టి అంతా బాగానే నడిచింది. సీజన్ మధ్యలో వాళ్లు ఇంకో ఎంట్రీ స్క్రీన్ కావాలన్నారు, తొందరలో రాశాను, అందులో మూడు సెట్టర్లే పిలిచాను. ధర మర్చిపోయాను.

కంపైలర్ ఏమీ అనలేదు. అనడానికి దానికి ఆధారం లేదు, ఎందుకంటే నా క్లాస్ ప్రకారం ధర లేని లాట్ కూడా చెల్లుబాటు అయ్యే లాటే. మరుసటి రోజు 18 బస్తాలు, 720 కిలోలు తెచ్చిన ఒక రైతుకి క్వింటాలు 15,000 చొప్పున 1,08,000 రావాల్సి ఉండగా తక్‌పట్టీ మీద 0.00 అని అచ్చయింది. క్రాష్ కాలేదు, ఎర్రర్ మెసేజ్ రాలేదు. డబుల్ ఫీల్డులో పుట్టుకతో ఉన్న ఆ సున్నా నేరుగా కాగితం మీదికొచ్చింది. వాళ్లు చేత్తో లెక్క కట్టి ఇచ్చేసరికి చీకటి పడింది, ఆ రైతు అప్పటిదాకా అక్కడే కూర్చున్నాడు. నాకు ఫోన్ వచ్చినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. నల్ అయి ఉంటే కనీసం ఎక్సెప్షన్ వచ్చి ఆగేది, ఈ సున్నా మాత్రం నోరు మెదపదు, అందుకే దాన్ని చూస్తే నాకు ఎక్కువ భయం. (డబ్బుకి డబుల్ వాడటం కూడా తప్పే, బిగ్‌డెసిమల్ వాడాలి, లేదా పైసల్లోకి మార్చి లాంగ్‌లో పెట్టుకోవాలి. దాని గురించి ఇంకోసారి.)

ఆ రాత్రి ఆ సెట్టర్ కాల్ ఒక్కటి కలిపేసి ఊరుకోవచ్చు. అలా చేయకుండా నేను ఖాళీ కన్‌స్ట్రక్టర్ తీసేసి, నాలుగు పారామీటర్లు తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటే ఉంచాను. వెంటనే రెండో స్క్రీన్ కోడ్‌లో ఎర్ర గీత వచ్చింది. మొదటి స్క్రీన్‌లోనూ వచ్చింది, రిపోర్టుల దగ్గర నేను పూర్తిగా మర్చిపోయిన మూడో చోటా వచ్చింది. అంటే లాట్ ఎక్కడెక్కడ తయారవుతోందో ఆ చోట్లన్నీ కంపైలరే వెతికి చూపించింది. ధర ఇవ్వకుండా లాట్ తయారు చేయడం అప్పటినుంచి ఎవరివల్లా కాదు. నాతో పనిచేసే కుర్రాడు ఆదమరిచి రాసినా కాదు.

ఇంటర్వ్యూలో ఆయన అడిగినదానికి జవాబు ఇదే. సెట్టర్‌ని పిలవాలో వద్దో పిలిచేవాడి ఇష్టం, మర్చిపోతే అడిగేవాడు లేడు. న్యూ తో ఆబ్జెక్ట్ తయారు చేసేవాడు మాత్రం కన్‌స్ట్రక్టర్‌ని తప్పించుకోలేడు. సెట్టర్లతో నింపే ఆబ్జెక్ట్ మొదటి సెట్టర్‌కీ ఆఖరి సెట్టర్‌కీ మధ్య సగం సగంగా ఉంటుంది, ఆ మధ్యలో దాన్ని ఇంకెవరైనా, ఇంకో థ్రెడ్ (అదే ప్రోగ్రామ్‌లో పక్కన నడిచే ఇంకో పని) అయినా వాడుకుంటే సగం నిజమే చూస్తారు. పైగా సెట్టర్ ఉందంటే ఆ ఫీల్డుని ఫైనల్ చేయలేవు, అంటే తర్వాతెప్పుడైనా ఎవరైనా దాన్ని మార్చొచ్చు. కాంటా వేసేసిన తూకాన్ని మధ్యాహ్నం ఎవరో మార్చగలిగితే అది ఎంత ప్రమాదమో ఆలోచించు. నిజంగా మారాల్సిన ఫీల్డుకే సెట్టర్ పెట్టు. ఐడీఈలో (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో) ఒక బటన్ నొక్కితే అన్నిటికీ సెట్టర్లు వచ్చేస్తాయి కదా అని పెట్టకు.

ఇప్పుడు నీ ఎర్రర్. నీ స్టూడెంట్ క్లాస్‌లో మొదట కన్‌స్ట్రక్టరే లేదు, అయినా న్యూ స్టూడెంట్() నడిచింది. క్లాస్‌లో నువ్వు ఒక్క కన్‌స్ట్రక్టర్ కూడా రాయకపోతే కంపైలరే ఆర్గ్యుమెంట్లు లేనిది ఒకటి రాసిపెడుతుంది, దాన్నే డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ అంటారు. అందులో తల్లి క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ని పిలిచే సూపర్() అనే పిలుపు తప్ప ఇంకేమీ ఉండదు. నువ్వు పేరు, రోల్ నంబరు తీసుకునే కన్‌స్ట్రక్టర్ రాసిన క్షణం నుంచి కంపైలర్ ఆ సాయం మానేస్తుంది. పాత న్యూ స్టూడెంట్() లైన్లకి పిలవడానికి ఏదీ మిగల్లేదు, అందుకే "అప్లై చేయలేం" అనే ఆ పొడుగాటి ఎర్రర్.

నీ ప్రశ్నకి ఇంతకుముందు జవాబిచ్చిన ముగ్గురూ "ఖాళీ కన్‌స్ట్రక్టర్ కూడా ఒకటి రాసెయ్, పోతుంది" అన్నారు. పోతుంది, నిజమే. కానీ పోయేది ఎర్రర్ ఒక్కటే కాదు, నువ్వు ఇప్పుడే సంపాదించుకున్న రక్షణ కూడా పోతుంది. ఆ లైన్ల దగ్గరికి వెళ్లి పేరు, రోల్ నంబరు ఇచ్చి సరిచెయ్. అక్కడ ఇవ్వడానికి నీ దగ్గర వివరాలు లేవంటే, అసలు ఆ చోట స్టూడెంట్‌ని తయారు చేయాల్సిన సమయం ఇంకా రాలేదని అర్థం.

ఇంకో మాట, ఖాళీ కన్‌స్ట్రక్టర్ నువ్వు చేత్తో రాస్తే దాన్ని నో-ఆర్గ్ కన్‌స్ట్రక్టర్ అనాలి, కంపైలర్ రాసిస్తేనే డిఫాల్ట్. కొంతమంది ఇంటర్వ్యూల్లో దీనికే పట్టుపడతారు, తెలుసుకుని ఉండటం మంచిది.

నువ్వు పెట్టిన కోడ్‌లో ఇంకో రెండు తప్పులు కనిపించాయి, వాటికి కంపైలర్ ఎర్రర్ ఇవ్వదు కాబట్టి చెప్తున్నాను. కన్‌స్ట్రక్టర్ లోపల పేరు = పేరు అని రాశావు. రెండు వైపులా ఉన్నది పారామీటరే, అది తనని తనకే ఇచ్చుకుంది, ఫీల్డు నల్‌గానే ఉండిపోయింది. దిస్.పేరు = పేరు అని రాయాలి, దిస్ అంటే ఈ ఆబ్జెక్ట్ అని. ఫీల్డులకి ఫైనల్ పెట్టడం అలవాటు చేసుకున్నావంటే ఈ తప్పు మళ్లీ చేయలేవు, ఎందుకంటే ఫైనల్ ఫీల్డుకి విలువ ఇవ్వకుండా కన్‌స్ట్రక్టర్ పూర్తయితే కంపైలరే ఆపేస్తుంది. ఇక నీ రెండో క్లాస్‌లో వాయిడ్ కోర్స్() అని ఉంది. రిటర్న్ టైప్ పెట్టావంటే అది కన్‌స్ట్రక్టర్ కాదు, క్లాస్ పేరే పెట్టుకున్న ఒక మామూలు మెథడ్. జావా దాన్ని ఒప్పుకుంటుంది. ఎవరూ పిలవరు, అది నడవదు, ఫీల్డులన్నీ సున్నాలు, నల్‌లుగా మిగిలిపోతాయి. దీన్ని వెతుకుతూ రోజంతా పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

పూచీ పడటమంటే ఫీల్డులు నింపడమే కాదు, వచ్చినవి సరైనవో కాదో చూడటం కూడా. తూకం సున్నా కంటే ఎక్కువ ఉందా, ధర ఉందా, పేరు ఖాళీగా లేదు కదా. లేకపోతే కన్‌స్ట్రక్టర్ లోంచే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ విసిరెయ్. కన్‌స్ట్రక్టర్‌లో ఎక్సెప్షన్ విసరొచ్చా అని కొందరు సందేహపడతారు, నిక్షేపంగా విసరొచ్చు. అలా విసిరితే న్యూ రాసినవాడి చేతికి రిఫరెన్స్ అందదు, అంటే చెడ్డ లాట్ ఎవరి దగ్గరా ఉండదు. ఇలా చేస్తే మిగతా మెథడ్లలో పని ఎంత తగ్గుతుందో చూడు, బిల్లు లెక్కకట్టే మెథడ్‌లో "ధర సున్నా అయితే", "పేరు నల్ అయితే" అని ఒక్క ఇఫ్ కూడా అక్కర్లేదు. గుమ్మం దగ్గర ఒకసారి చూసి లోపలికి పంపితే గది గదికీ కాపలా ఉండనవసరం లేదు.

దీంట్లో ఒక కన్నం ఉంది. కన్‌స్ట్రక్టర్‌కి లిస్ట్ లాంటిది వచ్చిందనుకో, ఒక్కో బస్తా తూకాల లిస్ట్. నువ్వు చూసుకున్నావు, అన్నీ బాగున్నాయి, దిస్.తూకాలు = తూకాలు అని పెట్టుకున్నావు. పంపినవాడి చేతిలో కూడా అదే లిస్ట్ ఉంది, తర్వాత వాడు అందులో మైనస్ 5 పెడితే నీ లాట్ లోపలే మారిపోతుంది. ఫైనల్ దీన్ని ఆపదు, ఫైనల్ అంటే ఆ ఫీల్డు ఇంకో లిస్ట్‌ని చూపించదు అని మాత్రమే, లిస్ట్ లోపలివి మారవని కాదు. అందుకే ముందు లిస్ట్.కాపీఆఫ్ తో నకలు తీసి, ఆ నకలునే సరిచూసి, దాన్నే దాచుకోవాలి. ఆ మెథడ్ జావా 10 నుంచి ఉంది.

ఒకటికంటే ఎక్కువ కన్‌స్ట్రక్టర్లు రాయడం మీద ఎక్కువ చెప్పను. పారామీటర్లు వేరుగా ఉంటే ఎన్నయినా రాయొచ్చు, కానీ సరిచూసే కోడ్ అన్నిటిలోనూ కాపీ చేయకు. అన్ని పారామీటర్లూ తీసుకునేది ఒకటి రాసి, మిగతావి దిస్(...) తో దాన్నే పిలవాలి. అప్పుడు గుమ్మం ఒక్కటే ఉంటుంది.

వారసత్వం (ఒక తల్లి క్లాస్‌ని ఆధారంగా చేసుకుని పిల్ల క్లాస్ రాయడం) దగ్గర మాత్రం నిదానంగా చదువు, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కన్‌స్ట్రక్టర్లు పిల్ల క్లాస్‌కి వారసత్వంగా రావు, కాబట్టి వాటిని ఓవర్‌రైడ్ చేయడం (తల్లి మెథడ్‌ని పిల్ల క్లాస్‌లో మళ్లీ రాసుకోవడం) అనే ప్రశ్నే లేదు. కానీ పిల్ల ఆబ్జెక్ట్ లోపల తల్లి క్లాస్ ఫీల్డులు కూడా ఉంటాయి, వాటికి పూచీ పడాల్సింది తల్లి కన్‌స్ట్రక్టరే. అందుకే నువ్వు సూపర్ అని రాసినా రాయకపోయినా ముందు అది నడుస్తుంది. నువ్వు రాయకపోతే కంపైలర్ సూపర్() అని ఆర్గ్యుమెంట్లు లేకుండా పెడుతుంది, తల్లికి అలాంటిది లేకపోతే ఎర్రర్. ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌ని న్యూ చేయలేం కదా, దానికి కన్‌స్ట్రక్టర్ ఎందుకు అని కూడా ఇంటర్వ్యూల్లో అడుగుతారు. జవాబు అదే, దాని ఫీల్డుల పూచీ దానిది, పిల్లలు సూపర్ ద్వారా పిలుస్తారు.

వరస ఇలా ఉంటుంది: తల్లి ఫీల్డులకి డిక్లేర్ చేసిన చోటే ఇచ్చిన విలువలు, తల్లి కన్‌స్ట్రక్టర్ లోపలి కోడ్, ఆ తర్వాత పిల్ల ఫీల్డులకి ఇచ్చిన విలువలు, చివరికి పిల్ల కన్‌స్ట్రక్టర్ లోపలి కోడ్. దీన్ని కాగితం మీద రాసుకుని ఈ కింది ఉదాహరణతో కలిపి చూడు.

లాట్ అనే తల్లి క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో చూపించు() అనే మెథడ్‌ని పిలిచాం. మిర్చిలాట్ అనే పిల్ల క్లాస్‌లో స్ట్రింగ్ రకం = "తేజ" అని ఒక ఫీల్డు ఉంది, ఫైనల్ కాదు. అది చూపించు() ని ఓవర్‌రైడ్ చేసి రకాన్ని ప్రింట్ చేస్తుంది. ఇప్పుడు న్యూ మిర్చిలాట్() అంటే ఏం ప్రింట్ అవుతుంది? తేజ అనుకుంటాం. నల్ ప్రింట్ అవుతుంది. తల్లి కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నప్పటికి పిల్ల ఫీల్డు ఇంకా పుట్టుకతో ఉన్న నల్ తోనే ఉంది, కానీ జావా మాత్రం ఆబ్జెక్ట్ అసలు రకం చూసి పిల్ల మెథడ్‌నే పిలిచింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ మెథడ్ లోపల ఏదైనా ఇంట్ ఫీల్డుకి 5 ఇచ్చి, ఆ ఫీల్డుని డిక్లేర్ చేసిన చోట = 0 అని రాసి ఉంటే, తల్లి పని ముగిశాక పిల్ల ఫీల్డుల వంతు వచ్చినప్పుడు ఆ 5 చెరిగిపోయి 0 అవుతుంది. ఆ = 0 తీసేస్తే 5 నిలుస్తుంది! = 0 రాసినా రాయకపోయినా ఒకటే అనుకునేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ.

సి ప్లస్ ప్లస్‌లో ఇదే రాస్తే వేరేలా నడుస్తుంది. అక్కడ తల్లి కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపూ ఆ ఆబ్జెక్ట్‌ని తల్లి రకంగానే చూస్తారు, వర్చువల్ మెథడ్ (అక్కడ ఓవర్‌రైడ్ చేయదగ్గ మెథడ్) అయినా తల్లిదే పిలుస్తారు. ఏ భాషలో అయినా పాటించాల్సింది ఒకటే: కన్‌స్ట్రక్టర్ లోంచి ఓవర్‌రైడ్ చేయదగ్గ మెథడ్‌ని పిలవకూడదు. పిలవక తప్పకపోతే ఆ మెథడ్‌ని ప్రైవేట్ గానో ఫైనల్ గానో పెట్టు. పూచీ పూర్తి కాకముందే దిస్ ని బయటి లిస్టులోనో, లిజనర్‌గానో (ఏదైనా జరిగినప్పుడు పిలవమని నమోదు చేసుకునే ఆబ్జెక్ట్‌గానో) ఇచ్చేయడం కూడా ఇదే కోవకి వస్తుంది.

సూపర్(...) కంటే ముందు ఇంకే స్టేట్‌మెంటూ ఉండకూడదని నీ పుస్తకంలో ఉంటుంది. చాలాకాలం అదే రూల్. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25 లో దాన్ని సడలించారు, ఇప్పుడు సూపర్ కి ముందే పారామీటర్లు సరిచూసుకోవచ్చు, తన సొంత ఫీల్డులకి విలువలు కూడా ఇచ్చుకోవచ్చు, కాకపోతే తయారవుతున్న ఆబ్జెక్ట్‌ని ఇంకే విధంగానూ వాడకూడదు. పరీక్షలో రాసేటప్పుడు మీ సిలబస్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకుని రాయి.

ఇంతసేపూ ఖాళీ కన్‌స్ట్రక్టర్ వద్దన్నాను కదా, నువ్వు ప్రాజెక్టులో హైబర్నేట్ (ఆబ్జెక్టుల్ని డేటాబేస్‌లో దాచి తిరిగి తెచ్చే ఫ్రేమ్‌వర్క్) వాడటం మొదలుపెట్టగానే అది అదే కావాలంటుంది. హైబర్నేట్ పాటించే జేపీఏ అనే ప్రమాణం ప్రకారం ఎంటిటీ క్లాస్‌కి (డేటాబేస్ టేబుల్‌కి జోడీ అయిన క్లాస్‌కి) ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ పబ్లిక్ గానో ప్రొటెక్టెడ్ గానో ఉండి తీరాలి, డేటాబేస్ లోంచి ఒక వరస (రో) తీసి ముందు ఖాళీ ఆబ్జెక్ట్ చేసుకుని తర్వాత నింపుకోవడానికి. అప్పుడు ప్రొటెక్టెడ్ పెట్టు. ఫ్రేమ్‌వర్క్‌కి దారి దొరుకుతుంది, వేరే ప్యాకేజీలో నీ తోటివాళ్లు రాసే కోడ్‌కి దొరకదు. ఇలా కన్‌స్ట్రక్టర్‌ని పక్కనపెట్టే దారులు జావాలో ఇంకా ఉన్నాయి, క్లోన్ చేసినా (నకలు తీసినా), సీరియలైజ్ చేసిన (బైట్లుగా మార్చి దాచిన) ఆబ్జెక్ట్‌ని తిరిగి చదివినా నీ కన్‌స్ట్రక్టర్ నడవదు. ఆ రెండింటినీ కొత్త కోడ్‌లో నేను వాడను.

స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో మాత్రం కన్‌స్ట్రక్టర్ ద్వారా డిపెండెన్సీలు (క్లాస్ పనికి కావలసిన ఇతర ఆబ్జెక్టులు) తీసుకోవడమే మంచిది. ఒక్కటే కన్‌స్ట్రక్టర్ ఉంటే 4.3 వెర్షన్ నుంచి వాటిని తెచ్చివ్వమని చెప్పే ఆటోవైర్డ్ అనే గుర్తు రాయనవసరం కూడా లేదు. డేటాబేస్ కనెక్షన్ తెరవడం, నెట్‌వర్క్ కాల్ చేయడం లాంటి బరువైన పనులు కన్‌స్ట్రక్టర్ లోపల పెట్టకు. తెరిచిన కనెక్షన్‌ని పారామీటర్‌గా తీసుకో. లేకపోతే ఒక చిన్న టెస్ట్ రాయాలన్నా అసలు డేటాబేస్ నడుస్తూ ఉండాలి.

పైథాన్. అక్కడ న్యూ, ఇనిట్ అని రెండు వేర్వేరు ప్రత్యేక మెథడ్లు ఉంటాయి, రెండింటికీ ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు. న్యూ ఆబ్జెక్ట్‌ని తయారు చేసి తిరిగిస్తుంది, ఇనిట్ ఆ తయారైనదాన్ని సెల్ఫ్ గా అందుకుని నింపుతుంది. జావాలో బైట్‌కోడ్ తెరిస్తే కానీ కనబడని విభజన పైథాన్‌లో పైకే కనిపిస్తుంది. కాబట్టి ఖచ్చితంగా మాట్లాడితే ఇనిట్ చేసేది తయారీ కాదు, కానీ మనం ఇందాకటినుంచి చెప్పుకుంటున్న పూచీ పని చేసేది అదే. ఎవరైనా దాన్ని కన్‌స్ట్రక్టర్ అంటే వాళ్లతో వాదన పెట్టుకోకు. జావా నుంచి వెళ్లేవాడివి కాబట్టి అక్కడ మూడు చోట్ల జాగ్రత్త. రెండు ఇనిట్‌లు రాస్తే ఓవర్‌లోడింగ్ (ఒకే పేరు, వేరే పారామీటర్లు) కాదు, రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. పిల్ల క్లాస్‌లో ఇనిట్ రాస్తే తల్లి ఇనిట్ దానంతటదే నడవదు, సూపర్ తో నువ్వే పిలవాలి, మర్చిపోతే తర్వాతెక్కడో ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. ఇక పారామీటర్ డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ ఇవ్వకు, ఆ లిస్ట్ ఫంక్షన్ డెఫినిషన్ నడిచినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, డిఫాల్ట్ వాడుకున్న ఆబ్జెక్టులన్నీ దాన్నే పంచుకుంటాయి. పైథాన్‌లో ఏమీ లేదని చెప్పే నన్ అనే విలువ ఇచ్చి లోపల కొత్త లిస్ట్ చేసుకో.

గో భాషలో అసలు కన్‌స్ట్రక్టర్ అనేదే లేదు, రస్ట్‌లోనూ ప్రత్యేకంగా లేదు. అక్కడ న్యూ అనే పేరుతో మామూలు ఫంక్షన్ రాసుకుంటారు. ఆ ఫంక్షన్ చేసేది మళ్లీ ఇదే పని, సరిచూసి, నింపి, పూర్తయినదాన్ని చేతికివ్వడం.

నీ క్లాస్‌కి పారామీటర్లు ఏడెనిమిది అయ్యాయనుకో, వరసగా మూడు స్ట్రింగులు, రెండు ఇంట్‌లు. అప్పుడు బస్తాలు ఉండాల్సిన చోట తూకం, తూకం చోట బస్తాలు ఇచ్చినా కంపైలర్ పట్టుకోలేదు. అలాంటప్పుడు కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేసి స్టాటిక్ ఫ్యాక్టరీ మెథడ్లు (క్లాస్ పేరుతోనే పిలిస్తే ఆబ్జెక్ట్ తిరిగిచ్చే మెథడ్లు) పెట్టు. వాటికి నీకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టే ఇవ్వాలనీ లేదు. ఇంటిజర్.వాల్యూఆఫ్ మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న అంకెలకి ముందే దాచిపెట్టిన ఆబ్జెక్టులే ఇస్తుంది, న్యూ ఇంటిజర్ అని రాయడాన్ని జావా 9 నుంచి డెప్రికేట్ చేశారు (ఇక వాడొద్దన్నారు) కూడా. ఐచ్ఛికంగా ఇచ్చే వివరాలు ఎక్కువుంటే బిల్డర్ (వివరాలు ఒక్కొక్కటే పేరుతో తీసుకుని చివర్లో ఆబ్జెక్ట్ ఇచ్చే సహాయ క్లాస్) వాడొచ్చు. కానీ ఎనిమిది పారామీటర్లు వచ్చాయంటే నేను ముందు అనుమానించేది క్లాస్‌నే, అది రెండు మూడు క్లాసులుగా విడిపోవాల్సినది అయి ఉంటుంది.

లాట్ లాంటి చిన్న డేటా క్లాసులకి జావా 16 నుంచి ఉన్న రికార్డ్ వాడు. నాలుగు పేర్లు రాస్తే కన్‌స్ట్రక్టర్, ఫైనల్ ఫీల్డులు అవే వస్తాయి, సెట్టర్లు ఉండవు. పారామీటర్లు మళ్లీ రాయకుండా సరిచూసే లైన్లు మాత్రమే రాసుకునే కాంపాక్ట్ కన్‌స్ట్రక్టర్ కూడా ఉంది. నేను ఆ బిల్లింగ్ ఇవాళ రాస్తే లాట్ మొత్తం పది లైన్లు దాటదు.

మళ్లీ ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వస్తే నిర్వచనంతో మొదలుపెట్టకు. ధర లేని బిల్లు ఉదాహరణో, నీ ప్రాజెక్టులోదే రోల్ నంబరు లేని స్టూడెంట్ ఉదాహరణో తీసుకుని, సెట్టర్ మర్చిపోతే ఏమవుతుందో, కన్‌స్ట్రక్టర్ ఉంటే అది ఎక్కడ ఆగుతుందో చెప్పు. "కన్‌స్ట్రక్టర్ విలువ తిరిగిస్తుందా" అంటే, తిరిగివ్వదు, రిఫరెన్స్ ఇచ్చేది న్యూ ఎక్స్‌ప్రెషన్ అని చెప్పు. స్టాటిక్ పెట్టొచ్చా అంటే, దిస్ లేని చోట దేనికి పూచీ పడుతుంది అని కారణంతో చెప్పు. తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఇంగ్లిష్‌లో సాగదీసి చెప్పలేను అని టెన్షన్ పడ్డావని రాశావు. కాగితం అడిగి తీసుకుని నాలుగు లైన్ల కోడ్ రాసి చూపించు, చాలామంది అడుగుతున్నది నీకు అర్థమైందా లేదా అనే.

ముందు మాత్రం ఆ వాయిడ్ తీసెయ్, దిస్ చేర్చు, ఫీల్డులన్నిటికీ ఫైనల్ పెట్టి కంపైల్ చెయ్. ఎర్ర గీతలు ఇప్పుడున్న వాటికంటే ఎక్కువ వస్తాయి, కంగారు పడకు, ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లు. ఎక్కడైనా స్టూడెంట్‌కి వివరాలు దొరక్క ఆగిపోతే ఆ ఫైలు ఇక్కడ పెట్టు, రాత్రికి చూస్తాను.